కాలనీలో ఉచిత పర్యావరణ కుటుంబ దినం: పంచడం తగ్గించండి, తెప్పించడం పెంచండి

మీరు పంపిన కార్యక్రమ పట్టిక చూశాను. 250 ఇళ్లున్న కాలనీ, జూన్ 5న అందరికీ ఉచితంగా పర్యావరణ కుటుంబ దినం, చేతిలో నలభై వేల రూపాయలు. వేదిక, ముఖ్య అతిథి, పిల్లలకు చిత్రలేఖనం పోటీ, వచ్చిన ప్రతి ఇంటికీ ఒక మొక్క, ఒక గుడ్డ సంచి, మధ్యాహ్నం భోజనం. ‘ఇంకా ఏమేమి చేర్చాలి?’ అని అడిగారు. చేర్చే సంగతి తర్వాత చూద్దాం. ముందు సగం కొట్టేయాలి.

విశాఖపట్నంలో మా కాలనీలో ఈ కార్యక్రమాన్ని ఎనిమిది సార్లు నడిపాం. నేను ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని. అందుకే నా జవాబులో కొలతలు కాస్త ఎక్కువగా ఉంటాయి, ఓపిక పట్టండి.

మొదటి ఏడాది మేము అచ్చంగా మీ పట్టిక ప్రకారమే చేశాం. జూన్ 5, షామియానా, రెండు ఫ్లెక్సీలు, గేటుకు బెలూన్ల తోరణం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యంగా వచ్చారు. ఆ ఎండలో పిల్లలు సొమ్మసిల్లుతారన్న భయంతో పక్క దుకాణం నుంచి అరలీటరు నీళ్ల సీసాలు పెట్టెలకు పెట్టెలు తెప్పించాం. ప్లాస్టిక్ వాడవద్దని మైకులో చెబుతుంటే, వింటున్న ప్రతి ఒక్కరి చేతిలోనూ ఒక ప్లాస్టిక్ సీసా ఉంది. సాయంత్రానికి చెత్త ఏడు గోనెసంచులు అయింది. పంచిన నూట ఎనభై మొక్కల్లో ఆగస్టు చివరికి బతికి ఉన్నవి పదకొండు. ఇంటింటికీ తిరిగి లెక్కపెట్టింది నేనే. పాతికేళ్లు హాజరు పట్టీ వేసిన చేయి కదా, ఊరుకోదు.

రెండో ఏడాది నుంచి ఒక నియమం పెట్టుకున్నాం. వచ్చేవాళ్లు ఉత్త చేతులతో రాకూడదు, వెళ్లేటప్పుడు మేము వాళ్ల చేతిలో ఏమీ పెట్టకూడదు. కంచం తేవాలి, గ్లాసు తేవాలి, చెడిపోయిన వస్తువు తేవాలి, పొట్టి అయిపోయిన యూనిఫారం తేవాలి, వంటింటి తొక్కలు తేవాలి. ఉచితం అంటే ప్రవేశానికి, తిండికి, మరమ్మతు కూలికి పైసా అడగం అని మాత్రమే. మీ పట్టికలో ‘పంపిణీ’ అన్న మాట ఎక్కడెక్కడ ఉందో అక్కడ గీత కొట్టేయండి. ముఖ్యంగా గుడ్డ సంచుల దగ్గర. ఇప్పుడు ఏ ఇంట్లో చూసినా తలుపు వెనక మేకుకు పది సంచులు వేలాడుతూనే ఉంటాయి. కొరత సంచులకు కాదు, జ్ఞాపకానికి. ఆ డబ్బుతో ఒక దర్జీని కూర్చోబెట్టండి, ఆయన సంగతి కింద చెబుతాను.

ఇక తేదీ. జూన్ 5 ప్రపంచ పర్యావరణ దినం కావడానికి 1972లో స్టాక్‌హోంలో జరిగిన ఐక్యరాజ్య సమితి సదస్సు కారణం. మన ఎండలకూ వానలకూ దానితో పని లేదు. తొలకరి పడకముందే మొక్క నాటి, సెలవులకు ఊరెళ్లిపోయి, తిరిగొచ్చేసరికి అది ఎండిపోయిందని బాధపడటం ఏటా చూస్తున్న తంతు. ఆ రోజు బడుల్లో వ్యాసరచన పెట్టుకోవచ్చు, ఆరుబయట నాలుగు వందల మందిని కూర్చోబెట్టడానికి మాత్రం పనికిరాదు.

మనకు చేతికందిన రోజు వేరే ఉంది. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద ఊరంతా వండుకుని తినే వనభోజనం కన్నా మంచి కుటుంబ దినం ఎవరు కనిపెట్టారు? ఎండ మెత్తబడుతుంది, పిల్లా పెద్దా బయటికి రావడానికి ఇష్టపడతారు, పదిమందితో కలిసి తినాలన్న అలవాటు అప్పటికే ఉంది. మేము కార్తీకంలో చివరి ఆదివారాన్ని పట్టుకున్నాం. రెండు జాగ్రత్తలు చెబుతాను. ఒకటి, పిలుపులో పూజ మాట ఎత్తవద్దు. మా కాలనీలో అన్ని మతాల వాళ్లూ ఉన్నారు. ‘కాలనీ వనభోజనం’ అనగానే అందరూ వచ్చారు, ‘కార్తీక వనభోజనం’ అన్న ఏడాది కొన్ని ఇళ్లు రాలేదు. రెండోది కోస్తా వాళ్లకు: అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మా ఊరిని ఊడ్చిపెట్టింది. కాబట్టి పిలుపులోనే రెండో తేదీ కూడా వేయండి. మీది తెలంగాణ అయితే ఈ బెడద తక్కువ.

అనుమతి గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం, లైసెన్సు లేని చోట వంద మందికి మించి జనం చేరే కార్యక్రమం పెడితే స్థానిక సంస్థకు కనీసం మూడు పనిదినాల ముందు తెలియజేయాలి. తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి అప్పగించే బాధ్యత కూడా నిర్వాహకులదే. ఒక కాగితం రాసి వార్డు కార్యాలయంలో ఇవ్వండి, నకలు మీద సంతకం తీసుకోండి. దానివల్ల ఇంకో లాభం ఉంది: ఆ సాయంత్రం చెత్త బండి ఎన్ని గంటలకు వస్తుందో ముందే తెలుస్తుంది. అలాగే 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధంలో ఉన్న వస్తువుల్లో సగం మన వేడుకల్లో కనిపించేవే. బెలూన్లకూ జెండాలకూ వాడే ప్లాస్టిక్ పుల్లలు, అలంకరణకు వాడే థర్మోకోల్, ప్లాస్టిక్ కంచాలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, మిఠాయి పెట్టెల మీద చుట్టే పొర, వంద మైక్రాన్లకు తక్కువ మందం ఉన్న పీవీసీ బ్యానర్లు. అలంకరణ కాంట్రాక్టరుకు ఈ మాట ముందే చెప్పకపోతే, తెల్లవారుజామున మీరు నిద్ర లేచేసరికి థర్మోకోల్ అక్షరాలతో ‘భూమాతను కాపాడుకుందాం’ అని రాసి పెట్టి ఉంటాడు. మాకు జరిగింది. మా బ్యానరు ఇప్పుడు ఒక పాత తెల్ల దుప్పటి. ఏటా సంవత్సరం అంకె మీద కొత్త గుడ్డ ముక్క కుట్టిస్తాం.

భోజనం దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఆ రోజు చెత్తలో ముప్పాతిక వంతు అక్కడే పుడుతుంది.

మొదట ‘కంచం, గ్లాసు మీరే తెచ్చుకోండి’ అని పిలుపు పంపితే సగం మందే తెచ్చారు. మిగతా సగం మందికి మొహమాటం. భోజనానికి పిలిచి కంచం తెమ్మనడం మన మర్యాదలో లేదు. అది మా తప్పేనని తర్వాత అర్థమైంది. మరుసటి ఏడాది ‘కంచం తెచ్చిన పిల్లలు ముందు వరుస’ అని పెట్టాం. అంతే, పిల్లలు ఇంటిల్లిపాది కంచాలూ మోసుకొచ్చారు. తెచ్చుకోనివాళ్ల కోసం కాలనీ తరఫున నూట యాభై స్టీలు కంచాలు, గ్లాసులు కొని పెట్టుకున్నాం. సిద్దిపేటలో ఊరూరా పెట్టిన స్టీలు బ్యాంకు గురించి మీరు వినే ఉంటారు. పెళ్లికో పేరంటానికో గిన్నెలు అక్కడ తీసుకెళ్లి, వాడి, కడిగి తిరిగి ఇచ్చేయడం. మా కంచాలు కూడా అలాగే ఏడాదంతా పుట్టినరోజులకూ సత్యనారాయణ వ్రతాలకూ తిరుగుతుంటాయి. నలభై వేలల్లో శాశ్వతంగా మిగిలే ఖర్చు ఇదొక్కటే, దీని మీద వెనకాడవద్దు.

విస్తళ్లే కావాలంటే అసలైనవి చూసి తీసుకోండి. మా వైపు మన్యంలో అడ్డాకులు ఈనెపుల్లలతో కుట్టి అమ్ముతారు. తిన్నాక నేరుగా ఎరువు గుంతలోకి పోతాయి. కానీ బజారులో అడ్డాకు అని చెప్పి కింద ప్లాస్టిక్ పొర అతికించిన యంత్రపు కంచాలు అంటగడతారు. ఒకటి చించి చూడండి, ఆకు విడిపోయి పొర చేతికి వస్తే వెనక్కి ఇచ్చేయండి. వెండి రంగు పూత ఉన్న కాగితపు కంచాలూ ఇదే కోవ. టీ ఇచ్చే పేపరు కప్పులు కూడా. లోపల పలుచని ప్లాస్టిక్ పూత ఉండబట్టే అవి నానిపోకుండా నిలబడతాయి.

కడగడానికి మూడు తొట్లు వరసగా పెట్టాం. ఎంగిలి బకెట్లో దులపడం ముందు, ఆ తర్వాత మొదటి తొట్టిలో మురికి వదిలించడం, రెండో తొట్టిలో కుంకుడు రసం, మూడో తొట్టిలో మంచి నీళ్లు. ఎవరి కంచం వాళ్లే కడగాలి. ఉద్యోగంలో పెద్ద హోదాలో ఉన్న ఒకాయన వరుసలో నిలబడి కంచం తోముతుంటే, వాళ్లావిడ ఫోను తీసి ఫొటో తీసుకున్నారు. ఇంటి దగ్గర ఆ దృశ్యం దొరకదు మరి. కుంకుడు నీళ్లు కాబట్టి తొట్లు పార్కులో చెట్ల మొదట్లో వంపేశాం.

తాగేందుకు తిరిగి నింపే ఇరవై లీటర్ల క్యాన్లు, నీడలో తడిగుడ్డ చుట్టిన నాలుగు మట్టి కుండలు చాలు. మనిషికి లీటరున్నర చొప్పున లెక్క వేసుకోండి. క్యాను ఎత్తి వంచే పని పెద్దవాళ్లకు పెట్టకండి, కొళాయి ఉన్న స్టాండ్లు అద్దెకు దొరుకుతాయి.

వంటకాల్లో ఎక్కువ ప్రయోగాలు చేయకండి. ఒక ఏడాది ఉత్సాహం కొద్దీ అన్నీ చిరుధాన్యాలే వండించాం. సామల పులిహోర మిగిలిపోయింది. పిల్లలు ముట్టలేదు, ముసలివాళ్లు ‘ఇది మేము కరువు రోజుల్లో తిన్నది’ అని నవ్వి ఊరుకున్నారు. తినని తిండి మంచి తిండి ఎలా అవుతుంది? ఇప్పుడు అన్నం, పప్పుచారు, గుమ్మడికాయ కూర, మజ్జిగ పెడుతున్నాం. పక్కన ఒక్క కొర్రల పొంగలి. అడిగినవాళ్లకే, గరిటెడు. అది ఏటా ముందు ఖాళీ అవుతోంది. ఇంటి నుంచి తెచ్చే వంటకాల్లో కొబ్బరి పచ్చడి వద్దని చెప్పండి, మధ్యాహ్నానికి పులిసిపోతుంది. పులిహోర, దద్దోజనం నిలబడతాయి. ముందు రోజు సాయంత్రం పిల్లల్ని రెండు జట్లుగా ఇంటింటికీ పంపి ఎందరు వస్తున్నారో తలలు లెక్కపెట్టిస్తాం. ఫోను గ్రూపులో ‘వస్తాం’ అని నొక్కినవాళ్ల లెక్కకూ, గుమ్మంలో నిలబడి అడిగిన లెక్కకూ ఒక ఏడాది తొంభై మంది తేడా వచ్చింది.

జనాన్ని నిజంగా లాక్కొచ్చేది మాత్రం మరమ్మతుల మూల. మీ పట్టికలో లేనివాటిలో నేను అన్నిటికన్నా ముందు చేర్చమనేది ఇదే. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టీన్ పోస్ట్‌మా అనే ఆమె మరమ్మతు కెఫే అని మొదలుపెడితే అది ఎన్నో దేశాలకు పాకింది. అక్కడ బాగుచేసే మనుషులు కరువైపోయారు కాబట్టి చేయి తిరిగిన ఔత్సాహికులు వచ్చి కూర్చుంటారు. మనకు ఆ ఇబ్బంది లేదు. దర్జీ, చెప్పులు కుట్టే ఆయన, సైకిల్ మెకానిక్, కత్తులకు సాన పట్టేవాడు, గొడుగులు బాగుచేసేవాడు, మిక్సీలూ ఇస్త్రీపెట్టెలూ విప్పగలిగిన ఎలక్ట్రీషియను, అందరూ కిలోమీటరు దూరంలోనే ఉన్నారు. మనమే వాళ్లను మరచిపోయి ఆన్‌లైన్‌లో కొత్తది ఆర్డరు పెడుతున్నాం.

వాళ్లకు కూలి ఇవ్వండి. ఈ ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. ‘సమాజ సేవ’ అని రోజంతా ఊరికే పని చేయించుకునే కాలనీలు నాకు తెలుసు. ఉచితం అన్నది వచ్చేవాళ్లకే గానీ పని చేసేవాళ్ల నెత్తిన రుద్దేది కాదు. ఆదివారం వాళ్లకు వచ్చే రాబడి ఎంతో అడిగి, దాని మీద కొంత కలిపి కాలనీ నిధి నుంచి ఇస్తాం. విడిభాగాల ఖర్చు మాత్రం వస్తువు గలవాళ్లది. వాషరు, గ్యాస్కెట్టు, జిప్పు, తీగ లాంటివి ముందే కొని ధరల కాగితం అంటిస్తాం. ఇంటికి రెండు వస్తువులే, లేకపోతే అటకలన్నీ ఖాళీ చేసి పట్టుకొస్తారు. కరెంటు వస్తువుల్ని వృత్తిపనివాడే విప్పాలి, సరదాపడే కుర్రాళ్లకు అప్పగించవద్దు. కుక్కరు సేఫ్టీ వాల్వు, మిక్సీ జారు అడుగు బుష్, ఇస్త్రీపెట్టె తీగ, స్కూలు బ్యాగు జిప్పు. తొంభై పాళ్లు ఇవే వస్తాయి.

దర్జీ దగ్గర పాత చీరలు ఇచ్చి సంచులు కుట్టించుకోవచ్చు. ఎవరి అమ్మ చీరో, ఎవరి అమ్మమ్మ చీరో. ఆ సంచి మరచిపోయి బజారుకు వెళ్లినవాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు. నాలుగో ఏడు ఒక చిత్రం జరిగింది. రేకు పెట్టె పట్టుకుని ఒక పెద్దాయన వచ్చారు, లోపల ముప్పై ఏళ్ల నాటి రేడియో. మా ఎలక్ట్రీషియను గంట కుస్తీ పట్టి కెపాసిటరు మార్చాడు. విశాఖపట్నం కేంద్రం పలికింది. ఆ తర్వాత అరగంట మరమ్మతులు ఆగిపోయాయి, వరుసలో ఉన్నవాళ్లు కూడా తమ వస్తువులు పక్కన పెట్టి వింటూ నిలబడ్డారు.

ఇచ్చిపుచ్చుకునే బల్ల పెట్టేముందు, మిగిలిపోయినవి ఎక్కడికి పోతాయో తేల్చుకోండి. మొదటిసారి మా దగ్గర చినిగిన బట్టల గుట్ట మిగిలింది. దానం పేరుతో ఇంట్లో చెత్త వదిలించుకునే అలవాటు అందరికీ ఉంది, నాకూ ఉంది. ఇప్పుడు బల్ల దగ్గర ఒక గడుసు మనిషిని కూర్చోబెడతాం. ‘ఇది మీ పిల్లకు మీరు తొడుగుతారా?’ అని ఒకే ప్రశ్న. బట్టలు ఉతికి ఇస్త్రీ చేసి తేవాలి, ఇంటికి అయిదుకు మించి తీసుకోం. యూనిఫారాలు, పోటీ పరీక్షల పుస్తకాలు, చిన్న పిల్లల సైకిళ్లు గంటలో అయిపోతాయి. వీటికైతే నవంబరు కన్నా విద్యా సంవత్సరం మొదలయ్యే ముందు ఇంకో చిన్న బల్ల పెట్టుకోవడం మేలు.

పాత ఫోన్లు, చార్జర్లు, బ్యాటరీలు సేకరిస్తామని ప్రకటించే ముందు జాగ్రత్త. ఎలక్ట్రానిక్ వ్యర్థాలకు 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త నియమాలు అమల్లో ఉన్నాయి. నమోదైన రీసైక్లింగు సంస్థకే వాటిని అప్పగించాలి. మా దగ్గర ఒక ఏడాది ఎవరో సంస్థ పేరు చెప్పి వచ్చి మూడు పెట్టెలు పట్టుకెళ్లారు. నెల తర్వాత మా చార్జర్ల తీగలు ఊరి చివర కాల్చి ఉన్న చోట కనిపించాయి, లోపలి రాగి మాత్రం లేదు. రిజిస్ట్రేషను కాగితం, రసీదు అడగండి. ఇవ్వకపోతే ఆ పెట్టె ఊసే ఎత్తకండి.

ఇక నాకు ఇష్టమైన బల్ల. కరెంటు కొలిచే మీటరు ఒకటి తెచ్చి రెండు సీలింగు ఫ్యాన్లు పక్కపక్కన స్టాండుకు బిగించండి. పాత ఫ్యాను 75 వాట్ల దగ్గర, తక్కువ కరెంటు తినే కొత్త బీఎల్‌డీసీ రకం ఫ్యాను 30 వాట్ల దగ్గర తిరుగుతుంటాయి. రోజుకు పన్నెండు గంటలు తిరిగే ఫ్యాను మీద నెలకు పదహారు యూనిట్ల తేడా. పిల్లలతోనే గుణించండి, వాళ్లే ఇంటికెళ్లి తండ్రి చొక్కా పట్టుకుని లాగుతారు. ఉపన్యాసం చేయలేని పని ఆ అంకె చేస్తుంది. ఇంటి మీద సౌర పలకల గురించి చెప్పాలంటే కంపెనీ ఏజెంటును పిలవకండి. ఇప్పటికే పెట్టించుకున్న పొరుగింటివాళ్లను వాళ్ల పాత బిల్లు, కొత్త బిల్లు చేత పట్టుకుని కూర్చోమనండి. 2024 ఫిబ్రవరిలో మొదలైన సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లు, ఆపైన ఉన్న పలకలకు కేంద్రం ఇచ్చే రాయితీ 78 వేల రూపాయలు. ఆ డబ్బు ఖాతాలో ఎన్నాళ్లకు పడింది, పలకలు నెలకు ఎన్నిసార్లు కడగాలి, కోతులతో ఏమి చేశారు అని జనం అడిగేది వాళ్లనే.

నీళ్లకు ఒక కారుతున్న కొళాయి, ఒక గ్లాసు చాలు. సెకనుకు ఒక చుక్క పడితే రోజుకు నాలుగు లీటర్ల పైమాటే. వానకైతే ఇంకా సులువైన లెక్క: చదరపు మీటరు డాబా మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు నీరు. హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్లు పడుతుంది. వంద చదరపు మీటర్ల డాబా మీద ఎనభై వేల లీటర్లు. వేసవిలో ట్యాంకరు కోసం వరుస కట్టే అపార్టుమెంటు వాళ్లకు ఈ అంకె చెప్పి, ఇంకేమీ మాట్లాడకుండా పక్కకు జరగండి.

కంపోస్టు గురించి అందరూ చెబుతారు, మొదలుపెట్టినవాళ్లలో సగం మంది రెండో వారం మానేస్తారు. కారణం వాసన. వాసన ఎందుకు వస్తుందో ఆ బల్ల దగ్గర ముక్కుతో చూపించాలి. మేము రెండు బకెట్లు పెడతాం. ఒకటి కావాలనే చెడగొట్టింది: తొక్కలు, అన్నం, నీళ్లు, గాలి ఆడక కుళ్లినది. రెండోది సరిగా చేసింది: కంతలు పెట్టిన బకెట్టు, గుప్పెడు తొక్కలకు రెండు గుప్పెళ్ల ఎండుటాకులో కొబ్బరి పొట్టో, పైన కాస్త పుల్లని మజ్జిగ, మూడు రోజులకోసారి తిరగేయడం. రెండు మూతలూ తీసి వాసన చూడమంటాం. మొదటి మూత తీయగానే పిల్లల కేకలు గేటు దాకా వినిపిస్తాయి. రెండోది తొలివాన పడ్డ మట్టిలా ఉంటుంది. తడి ఎక్కువైతే పొడి ఆకు, పొడి ఎక్కువైతే నీళ్ల చిలకరింపు. నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో ఎరువు. చేప, మాంసం ఇందులో వేయవద్దు, పిల్లులూ ఎలుకలూ మీ మేడ వెతుక్కుంటూ వస్తాయి. నిమ్మ, బత్తాయి తొక్కలు ఎక్కువగా ఉంటే బెల్లం ఒక వంతు, తొక్కలు మూడు వంతులు, నీళ్లు పది వంతులు కలిపి మూడు నెలలు పులియబెడితే నేల తుడిచే ద్రావణం వస్తుంది. గాజు సీసాలో మాత్రం పెట్టకండి. మొదటి నెలలో వాయువు పుడుతుంది, రోజూ మూత వదులు చేయకపోతే సీసా పేలుతుంది. పాత ప్లాస్టిక్ డబ్బాకు అంతకన్నా మంచి గతి ఏముంది?

పిల్లల చిత్రలేఖనం పోటీ తీసేయండి. భూగోళానికి కన్నీళ్లు పెట్టి, పక్కన చెట్టు గీసి, ‘సేవ్ ఎర్త్’ అని రాయడం వాళ్లకు నిద్రలో కూడా వచ్చు. దాని బదులు ఏటికొప్పాక బొమ్మల పనివాళ్లు దొరికితే పిలవండి. మాకు దగ్గర కాబట్టి పిలుస్తాం. అంకుడు కర్రను లేతు యంత్రం మీద తిప్పుతూ, లక్కలో చెట్ల రంగులు కలిపి అద్దుతుంటే, ఆ వేడికి రంగు కరిగి కర్రకు పట్టుకోవడం పిల్లలు కన్నార్పకుండా చూస్తారు. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మీది నిర్మల్‌కో కొండపల్లికో దగ్గరైతే వాళ్లను అడగండి. విత్తన బంతులు విసిరే ఆట పిల్లలకు సరదాయే గానీ, విసిరిన చోట మొలిచి చెట్టైనవి నేను లెక్కపెట్టిన మేరకు చాలా తక్కువ.

మొక్కలు ఇవ్వాలనే ఉంటే అడిగినవాళ్లకే ఇవ్వండి, అదీ వానలు మొదలయ్యాక. కానుగ, నేరేడు, పొగడ, రేల లాంటి మన చెట్లు. ఇంటి ముందు స్థలం లేనివాళ్లకు కరివేపాకు. విత్తనాల బల్ల ఇంకా మంచిది. జహీరాబాదు పక్కన పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డీడీఎస్) మహిళలు సంక్రాంతి నుంచి నెల రోజుల పాటు ఎడ్ల బండ్ల మీద పాత పంటల విత్తనాలు పెట్టుకుని ఊరూరా తిరుగుతారు. పాత పంటల జాతర అంటారు. ఒకసారి వెళ్లి చూశాను. ప్రతి ఊరిలో బండ్లకు ఎదురెళ్లి, పాటలతో లోపలికి తీసుకెళ్తారు. మైకు పట్టుకుని మాట్లాడేది చదువుకున్నవాళ్లు కాదు, ఆ విత్తనాలను తరాలుగా దాచుకున్న ఆడవాళ్లు. మా బల్ల దానికి చిన్న నకలు: గోరుచిక్కుడు, పొట్ల, బీర, నాటు టమాట గింజలు కాగితపు పొట్లాల్లో ఉంటాయి. తీసుకున్నవాళ్లు వచ్చే ఏడాది రెండింతలు తిరిగి ఇవ్వాలి. అందరూ ఇవ్వరు. ఇచ్చినవాళ్లతోనే బల్ల నడుస్తోంది.

మీ నలభై వేలు సరిపోతాయి. కంచాలకు పదిహేను, వంట సరుకులకు పన్నెండు, పనివాళ్ల కూలికి ఎనిమిది, షామియానాకూ చిల్లర ఖర్చులకూ మిగతాది. రెండో ఏడాది కంచాల ఖర్చు ఉండదు. ఎవరైనా వ్యాపారి డబ్బిస్తానంటే మంచిదే, ఇచ్చినవాళ్ల పేరు దుప్పటి మీద కుట్టించండి. వాళ్లు పంచమనే టోపీలూ జెండాలూ నమూనా పొట్లాలూ మాత్రం లోపలికి రానివ్వకండి. ఒకసారి మొహమాటపడి ఒప్పుకున్నాం. ఆ రోజు పొడి చెత్తలో సగం ఆ షాంపూ పొట్లాలే.

ముఖ్య అతిథి గురించి అంటారా? మేము మూడో ఏడు నుంచి రోజూ మా వీధి చెత్త తీసుకెళ్లే బండి మీద పనిచేసే ఇద్దరు ఆడవాళ్లను పిలుస్తున్నాం. ఉపన్యాసం అడగం. ముందు రోజు కాలనీలో వచ్చిన చెత్తలోంచి ఒక సంచి బల్ల మీద విప్పి, ఏది వాళ్ల చేతులు కోస్తుందో, ఏది అమ్ముడుపోతుందో, ఏది ఎందుకూ పనికిరాదో చూపిస్తారు. విరిగిన గాజు గ్లాసును పాత కాగితంలో చుట్టి, పైన రాసి ఇవ్వాలని మా కాలనీ నేర్చుకుంది ఆ బల్ల దగ్గరే. ఆ రోజుకు వాళ్లకు కూడా కూలి ఇస్తాం, ఇంటివాళ్లందరినీ భోజనానికి పిలుస్తాం.

సాయంత్రం చివరి పని చెత్త తూచడం. పాత ఇనుప సామాన్ల వాళ్ల దగ్గర ఉండే వేలాడే త్రాసు ఒకటి అడిగి తెచ్చుకోండి. తడిది, పొడిది, ఎటూ చెందనిది వేర్వేరుగా తూచి, గేటు దగ్గర నల్లబల్ల మీద రాసి, వారం పాటు చెరపకండి. మొదటి ఏడు ఏడు సంచులైన మా లెక్క పోయినేడు ఇలా ఉంది: తడిది ముప్పై ఒక్క కిలోలు, అది మా గుంతలోకే వెళ్లింది. పొడిది ఆరు కిలోలు. ఎటూ చెందనిది కిలోన్నర. ఆ కిలోన్నరా దాదాపు చిప్స్ పొట్లాలు, గుట్కా పొట్లాలు. లోపల ఎవరూ అమ్మలేదు, మేమూ పంచలేదు, గేటు బయటి దుకాణం నుంచి జేబుల్లో వచ్చాయి. ఎనిమిదేళ్లయినా వాటి సంగతి నాకు తేలలేదు. మీకు ఏదైనా ఉపాయం దొరికితే ఇక్కడే రాయండి.